పన్నెండో వచనం

మా నాయనమ్మ బైబిలును మూసి పక్కనుంచి చూస్తే, పుటల అంచు మీద ఇంచుమించు మధ్యలో ఒక నల్లటి చార కనిపించేది. మిగతా అంచంతా లేత పసుపు రంగు. ఆ చార దగ్గర గోరు పెట్టి తెరిస్తే నేరుగా సామెతల గ్రంథం వచ్చేది. ఏళ్ల తరబడి ఆమె బొటనవేలు తగిలి తగిలి అక్కడి కాగితం పాత గుడ్డలా మెత్తబడిపోయింది. మూలలు రాలిపోకుండా సన్నటి కాగితం ముక్కలు అంటించి ఉండేవి. అంటించినప్పుడు మరుగున పడిన అక్షరాలను వాటి మీద పెన్సిలుతో తనే మళ్లీ రాసుకుంది.

సామెతలు 31 అధ్యాయాలు. తారీఖుకో అధ్యాయం చొప్పున నెలంతా చదవడం ఆమె పద్ధతి. ముప్పై రోజుల నెల అయితే చివరి రాత్రి రెండు అధ్యాయాలు. ఫిబ్రవరి 28న మాత్రం నాలుగు, మొత్తం 119 వచనాలు. ఆ రాత్రి నేనూ అన్నయ్యా ఆవులింతలు ఆపుకుంటూ చదివేవాళ్లం. వంతులవారీగా చదవాలి. పెద్దవాడు కాబట్టి మొదటి వచనం అన్నయ్యది, రెండోది నాది. అంటే బేసి సంఖ్యలన్నీ వాడివి, సరిసంఖ్యలన్నీ నావి. నాయనమ్మ చదివేది కాదు. కళ్లజోడు తీసి ఒడిలో పెట్టుకుని, వేలు మాత్రం ఆ లైను మీద కదుపుతూ వినేది. చూపు ఆనకపోయినా మేము ఒక్క మాట వదిలేస్తే చాలు, వేలు అక్కడే ఆగిపోయేది.

నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే బహుమతి ఎప్పుడూ నాకే. అన్నయ్యకు ఏదీ నోటికి నిలిచేది కాదు. వాడు తడబడి నిలబడితే వెనక వరసలోంచి నేనే అందించేదాన్ని, అదీ అందరికీ వినపడేట్టు. జ్ఞానం అంటే ఇదే అని నా మనసులో గట్టిగా ఉండేది: తెలిసి ఉండటం, అడిగిన వెంటనే చెప్పగలగడం, ముందు వరసలో కూర్చోవడం. బైబిల్లో బుద్ధిహీనుడు అన్న మాట వచ్చినప్పుడల్లా నా కళ్లకు ఎవరో ఒకరు కనిపించేవారు. చాలాసార్లు అన్నయ్యే.

పదేళ్లప్పుడు మా సండే స్కూలు పిల్లలం పదిమంది కన్యకల ఉపమానం నాటకం వేశాం. మత్తయి సువార్త 25వ అధ్యాయం. పెండ్లికుమారుడి కోసం దివిటీలతో ఎదురుచూసే ఆ పదిమందిలో అయిదుగురు విడిగా నూనె తెచ్చుకున్న బుద్ధిగలవారు, అయిదుగురు తెచ్చుకోని బుద్ధిలేనివారు. అడగకుండానే నన్ను బుద్ధిగలవారిలో వేశారు. దివిటీలకు బదులు అట్టతో చేసిన గొట్టాలు, వాటి చివర ఎర్ర కాగితం. నూనె సిద్దెలకు బదులు ఖాళీ సీసాలు. అర్ధరాత్రి కేక వినపడి అందరం లేచాక, బుద్ధిలేని కన్యకలు వచ్చి మమ్మల్ని నూనె అడగాలి. "మాకును మీకును ఇది చాలదేమో, మీరు అమ్మువారి యొద్దకు పోయి కొనుక్కొనుడి" అనే మాట నాది. నేను చెయ్యి నడుం మీద పెట్టుకుని, గడ్డం పైకెత్తి అన్నాను. తలుపుకు బదులు దుప్పటి ఒకటి కట్టారు. మేము లోపలికి వెళ్లగానే దాన్ని లాగేశారు. బయట మిగిలినవాళ్లలో అందరికంటే చిన్నపిల్ల ఒకతి ఉంది. "అయ్యా, అయ్యా, మాకు తలుపు తీయుము" అనాల్సింది ఆ పిల్లే. రెండుసార్లు అంది. మూడోసారి నిజంగానే ఏడ్చేసింది. చేతిలోని గొట్టం కింద పడేసి దుప్పటిని పట్టుకుని గుంజుతూ ఏడ్చింది. చూస్తున్నవాళ్లందరూ నవ్వారు. దుప్పటి పక్కనుంచి తల బయటపెట్టి నేనూ నవ్వాను.

ఆ రాత్రి చదవడం అయ్యాక నాయనమ్మ పొగుడుతుందని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. చివరకు, "పదిమందీ కునికి నిద్రపోయారని ఉంది కదే. నువ్వు కూడా నిద్రపోయినదానివే కదా" అంది. అవునన్నాను. "మరి తలుపు వేస్తుంటే నీకు నవ్వెట్లా వచ్చింది?"

నాకు కోపం వచ్చింది. నాటకంలో నా పాత్ర నేను చేశాను, తప్పేముంది అనుకున్నాను. ఆ ఉపమానం ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది. నూనె పంచుకోవడానికి వీలుపడదనేది అర్థమవుతుంది. నా బదులు ఇంకొకరు సిద్ధపడలేరు. కాని లోపలికి వెళ్లినవాళ్లు సంతోషించింది పెండ్లికుమారుణ్ణి చూసి. బయటివాళ్లను చూసి నవ్వారని అక్కడ ఎక్కడా లేదు. ఆ నవ్వు నేను కలిపిందే.

మా సండే స్కూలు టీచరు గారు చాలా చదువుకున్న మనిషి. మనం ఒకే గాటన కట్టి మూర్ఖుడు అనేస్తాం గాని, హెబ్రీ భాషలో దానికి చాలా మాటలున్నాయని ఆయన వల్లే తెలిసింది. ఇంకా లోకం తెలియని, ఎవరు ఏం చెప్పినా నమ్మే అమాయకుడు 'పెతీ'. తెలిసీ వినని మొండివాడు 'కెసీల్'. దిద్దబోతే వెక్కిరించే అపహాసకుడు 'లేత్స్'. దేవుడు లేడని హృదయంలో అనుకునేవాడు, 14వ కీర్తనలోని బుద్ధిహీనుడు, 'నాబాల్'. దావీదు మనుషులను అవమానించి పంపేసిన ధనవంతుడి పేరు కూడా అదే. మూడు వేల గొర్రెలు, వెయ్యి మేకలు ఉన్నా మాట తెలియని మనిషి. అతని భార్య అబీగయీలు గాడిదల మీద సరుకు వేసుకుని, పగ తీర్చుకోవడానికి వస్తున్న దావీదుకు ఎదురెళ్లి, కాళ్ల మీద పడి, రక్తపాతం ఆపింది. ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద, ఆమె వివేకం, అతని మూఢత్వం. ఆ కథ టీచరు గారు చెప్పిన రోజున మేమెవరం కదల్లేదు.

ఆయన ఇంకో మాట చెప్పారు. ఆ మొదటి రకం, అమాయకుడు, ఎటైనా వెళ్లగలడు. సామెతలు 9వ అధ్యాయంలో ఇద్దరు స్త్రీలు పిలుస్తారు. జ్ఞానం ఏడు స్తంభాల ఇల్లు కట్టుకుని పిలుస్తుంది. బుద్ధిహీనత తన ఇంటి వాకిట కూర్చుని పిలుస్తుంది. ఇద్దరి పిలుపూ అచ్చంగా ఒకటే: "జ్ఞానములేనివాడా ఇక్కడికి రమ్ము." చెవికి తేడా తెలియదు. ఆ రెండో ఇంటి లోపల చచ్చినవారు ఉన్నారని ఆ అధ్యాయం చివర్న గాని బయటపడదు. ఇది విన్న చాలా రోజుల వరకు ఎవరైనా నన్ను పిలిస్తే వెంటనే పలికేదాన్ని కాదు.

ఇన్ని మాటలు నేర్చుకుని నేను చేసింది మాత్రం అన్నయ్యను తిట్టడం. రోజుకొక రకం మూర్ఖుడి పేరు పెట్టి పిలిచేదాన్ని. ఒక నెల 26వ తారీఖున మాకు పెద్ద గొడవైంది. ఆ అధ్యాయంలో నాలుగో వచనం నాది: మూర్ఖునికి వాని మూఢత చొప్పున ప్రత్యుత్తరమియ్యకుము. అయిదోది వాడిది: ప్రత్యుత్తరమిమ్ము. "నా వచనం ప్రకారం నీకు జవాబు చెప్పక్కర్లేదు" అన్నాను. "నా వచనం ప్రకారం నీకు చెప్పి తీరాలి" అన్నాడు వాడు. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి వెలిగింది, ఇవి ఒకదానికొకటి విరుద్ధం కదా అని. బైబిల్లో తప్పు పట్టేశామని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాం.

ఆమె ఏమాత్రం కంగారుపడలేదు. "రాసినవాడికి తెలియకనా పక్కపక్కనే పెట్టాడు? ఒక్కోసారి జవాబు చెబితే నువ్వూ వాడిలాంటిదానివే అయిపోతావు. ఒక్కోసారి చెప్పకపోతే వాడు తనే గొప్పవాణ్ణనుకుంటాడు. ఎప్పుడేది చెయ్యాలో ఎదుటి మనిషి ముఖం చూసి తెలుసుకోవాలి. కంఠత పడితే వచ్చేది కాదమ్మా అది" అంది. ఆ చివరి మాట నాకేనని తెలుసు. ఆ మాటకు అన్నయ్య నవ్వలేదు. వాడు ఎప్పుడూ అంతే.

నాకు పదిహేడేళ్లప్పుడు జరిగింది చెప్పాలి.

నాయనమ్మకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన, చాలా ఏళ్ల కిందట ఆమె దాచుకున్న డబ్బంతా అప్పుగా తీసుకున్నాడు. కాగితం రాసుకోలేదు. తిరిగి అడిగితే, నలుగురి ముందు, అసలు తీసుకోనే లేదన్నాడు. ఆమె అబద్ధం చెబుతోందని కూడా అన్నాడు. ఆ మాటతో ఇంట్లో అతని పేరు ఎత్తడం మానేశారు. అలాంటి మనిషి జబ్బుపడి, చూసే దిక్కు లేక ఉన్నాడని తెలిసి ఆమె వెళ్లి ఇంటికి తీసుకొచ్చింది. వెనక గదిలో పడుకోబెట్టి, ఒళ్లు తుడిచి, రాత్రిళ్లు నీళ్లు తాగించి, రెండు నెలలు చూసింది. ఇంటికొచ్చినవాళ్లందరూ ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. "నీకేమైనా మతి పోయిందా అత్తా" అని మా అమ్మే అంది.

నేనైతే ఇంకో అడుగు ముందుకేసి వాక్యం ఎత్తాను. పొరుగువాడికి జామీను ఉండేవాడు తెలివిమాలినవాడని సామెతల్లో లేదా అన్నాను. 17వ అధ్యాయం, 18వ వచనం. నా వంతులోది, అందుకే బాగా గుర్తు.

"అప్పు అడిగితే ఇవ్వను. వాడు నీళ్లు అడిగాడు, ఇచ్చాను" అంది నాయనమ్మ.

ఆ తర్వాత 25వ అధ్యాయం తీయమంది. పగవాడు ఆకలిగొంటే భోజనం పెట్టు, దప్పిగొంటే దాహమియ్యి అని అక్కడుంది. 21వ వచనం. నాది కాదు, అన్నయ్యది. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో ఎత్తి చెప్పింది కూడా దీన్నే. ఎన్ని పాతికో తారీఖుల రాత్రుళ్లు అది నా చెవిన పడి ఉంటుందో! ఒక్కసారి కూడా లోపలికి దిగలేదు.

తర్వాత కొరింథీయుల మొదటి పత్రిక తీయించింది. "సిలువనుగూర్చిన వార్త, నశించుచున్న వారికి వెఱ్ఱితనము గాని రక్షింపబడుచున్న మనకు దేవుని శక్తి." వెఱ్ఱితనము అన్న చోట ఆమె వేలు ఆగింది. "నన్ను వెర్రిదంటున్నారని నీకు సిగ్గుగా ఉంది కదూ?" అంది. ఉంది. నిజంగానే సిగ్గుగా ఉంది. ఆ రోజు నేను నోరు విప్పలేదు.

ఆయన కోలుకుని వెళ్లిపోయాడు. డబ్బు ఇవ్వలేదు. క్షమాపణ అడిగాడో లేదో నేను చూడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర చాలాసేపు చెప్పులు వేసుకుంటూ నిలబడ్డాడు. అవి వేసుకోవడానికి అంతసేపు పట్టదు.

చాలా ఏళ్లకు ఒక పుస్తకంలో ఒక బొమ్మ చూశాను. రోములోని పాలటైన్ కొండ మీద ఒక పాత గోడ పూత మీద ఎవరో గీకిన గీతలు. 1857లో బయటపడ్డాయి. సిలువ మీద ఒక మనిషి, కాని తల గాడిదది. పక్కన చెయ్యెత్తి నిలబడ్డ ఇంకో మనిషి. కింద గ్రీకు అక్షరాలు: "అలెక్సమెనోస్ దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు." తోటివాడెవడో ఎగతాళికి గీశాడు. ఆ కాలంలో సిలువ అంటే బానిసలకూ తిరుగుబాటుదార్లకూ వేసే శిక్ష. అలా చచ్చినవాణ్ణి దేవుడనడం వాళ్లకు పిచ్చితనం కాక ఏమిటి? ఆ అలెక్సమెనోస్ ఎవరో, ఏమయ్యాడో మనకు తెలియదు. నాకు మాత్రం ఆ బొమ్మలో చెయ్యెత్తిన మనిషిని చూడగానే, వెనక గదిలో గిన్నె పట్టుకుని వంగి నిలబడ్డ నాయనమ్మ కనిపించింది. గుండె పట్టేసినట్టయింది. ఆమె అప్పటికి లేదు.

పోయేముందు తన బైబిలు నాకిమ్మని చెప్పిందట. బహుమతులన్నీ నేనే తెచ్చాను కాబట్టి అది నాకు రావడం న్యాయమే అనుకున్నాను. తీసుకెళ్లి భద్రంగా బీరువాలో పెట్టాను. చదువుకోవడానికి నాకు వేరేది ఉండేది, కొత్తది, అంచులు మెరిసేది.

నాన్న పోయాక ఇంటి సంగతి వచ్చింది. నాకు రావాల్సిన వాటా గురించి నేను ఒక్క మాట తప్పుగా అడగలేదు. కాగితాలన్నీ నా వైపే ఉన్నాయి. అన్నయ్య వాటా లేదనలేదు. "అమ్మ ఉన్నంతకాలం ఇల్లు కదపొద్దే, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. అంతే అన్నాడు. నేను దానికి వంద అర్థాలు తీశాను. చర్చిలో అయ్యగారు కాస్త ఆగమన్నారు. మేనత్త ఆగమంది. వాళ్లిద్దరి మాటా పక్కనపెట్టి, నా వైపు మాట్లాడతారని తెలిసిన ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేశాను. వాళ్లు నేను వినాలనుకున్నదే చెప్పారు.

బైబిల్లో రెహబాము రాజు కూడా సరిగ్గా ఇదే చేశాడు. జనం వచ్చి భారం తగ్గించమంటే మూడు రోజులు గడువడిగి, పెద్దల ఆలోచన విని, దాన్ని తోసేసి, తనతో పెరిగిన కుర్రాళ్లను అడిగాడు. అతని రాజ్యంలోంచి పది గోత్రాలు పోయాయి. అతనెవరి కొడుకు? గిబియోనులో దేవుడు ఏం కావాలో కోరుకొమ్మంటే వివేకముగల హృదయం అడిగిన సొలొమోను కొడుకు. హెబ్రీలో ఆ మాటకు అసలు అర్థం వినే హృదయం. తండ్రి అడిగింది చెవి. కొడుకు పోగొట్టుకున్నదీ చెవే. తండ్రయినా చివరిదాకా నిలుపుకున్నాడా? ఏడువందల మంది భార్యలు, మూడువందల మంది ఉపపత్నులు, ముసలితనంలో పక్కకు తిరిగిపోయిన హృదయం. అన్ని సామెతలు చెప్పినవాడే! ఇదంతా నాకు తెలుసు. సండే స్కూల్లో ఈ పాఠం చెప్పేది నేనే అప్పట్లో. పిల్లలకు ఎంతో బాగా చెప్పేదాన్ని.

ఇల్లు నాలుగు నెలల్లో అమ్ముడుపోయింది. అమ్మ అన్నయ్య దగ్గరికి వెళ్లింది. నా వాటా నాకు పైసాతో సహా వచ్చింది. ఆ తర్వాత వదిన ఎవరితోనో అంటే నా చెవిన పడింది: అమ్మ రాత్రిపూట లేచి చీకట్లో గోడ తడుముకుంటోందట, పాత ఇంట్లో లైటు స్విచ్ ఉండే చోట. ఇక్కడ ఆ గోడ మీద ఏమీ లేదు. అరచేతితో అలా రాస్తూ నిలబడి ఉంటే అన్నయ్య లేచి వెళ్లి లైటు వేసేవాడట. రెండేళ్లు అలా చేసి అమ్మ పోయింది. సమాధి దగ్గర నేనూ అన్నయ్యా చెరో పక్కన నిలబడ్డాం. మాట్లాడుకోలేదు. మొత్తం ఆరేళ్లు మాట్లాడుకోలేదు.

ఒకసారి సండే స్కూలు పాఠానికి ధనవంతుడైన వెర్రివాడి ఉపమానం వచ్చింది. లూకా 12. కొట్లు విప్పి పెద్దవి కట్టించుకుందామనుకున్నవాడు. నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణమా అని తనలో తనే మాట్లాడుకుంటాడు, ఇంకో మనిషే ఉండడు అందులో. "వెఱ్ఱివాడా, యీ రాత్రి నీ ప్రాణము నడుగుచున్నారు" అని దేవుడు అంటాడు. ఎప్పుడూ 16వ వచనం నుంచి మొదలుపెట్టేదాన్ని. ఆ రోజు ఎందుకో కొంచెం పైనుంచి చదివాను. 13వ వచనం. జనంలోంచి ఒకడు యేసు దగ్గరికి వచ్చి, పిత్రార్జితంలో నాకు పాలు పంచిపెట్టమని మా సహోదరుడితో చెప్పండి అంటాడు. ఈ కథ మొత్తం ఆయన చెప్పింది ఆ మనిషికి జవాబుగా.

పిల్లలు నా వైపు చూస్తున్నారు. నేను పాఠం చెప్పలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి బీరువా తెరిచి నాయనమ్మ బైబిలు తీశాను. ఆరోజు తారీఖు చూశాను. 26. నల్లచార దగ్గర గోరు పెట్టి తెరిచాను. పెన్సిలు అక్షరాలు చాలావరకు చెరిగిపోయాయి. మొదట్నుంచీ చదువుకుంటూ వచ్చాను, నావీ అన్నయ్యవీ కలిపి. పన్నెండో వచనం దగ్గర ఆగాను. "తన దృష్టికి జ్ఞానిననుకొనువానిని చూచితివా? వానిని గుణపరచుటకంటె మూర్ఖుని గుణపరచుట సుళువు." అక్కడిదాకా మూర్ఖుల గురించి చెప్పుకుంటూ వచ్చి, వాళ్లందరికంటే కష్టమైనవాడు ఇంకొకడున్నాడని ఇక్కడ అంటాడు. పన్నెండు సరిసంఖ్య. ప్రతి నెలా 26వ తారీఖు రాత్రి నా గొంతుతో, గట్టిగా, ఒక్క మాట తడబడకుండా నేను చదివిన వచనం అది. పక్కన ఆమె వేలు కదులుతూ ఉండేది.

ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. ఎత్తాక ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. వాడి ఊపిరి వినపడుతోంది.

"అన్నయ్యా, ఇవాళ ఇరవై ఆరు" అన్నాను. ఇంకేం మాట రాలేదు నాకు.

"ఊఁ. ఇంకా చదవలేదు, ఇప్పుడే కూర్చోబోతున్నా" అన్నాడు.

అంటే వాడు మానలేదు. ఏ బహుమతీ రానివాడు, ఒక్క వాక్యం నోటికి నిలవనివాడు, ఇన్నేళ్లూ తారీఖు ప్రకారం చదువుకుంటూనే ఉన్నాడు. పుటలు తిప్పిన చప్పుడైంది. గొంతు సవరించుకుని, "ఎండకాలమునకు మంచు గిట్టదు" అని మొదలుపెట్టాడు. రెండోది నేను చదివాను. నాలుగోది నాది, అయిదోది వాడిది. అక్కడ ఇద్దరికీ కాస్త గొంతు తడబడింది. పదకొండోది వాడు చదివాడు. పన్నెండోది నా వంతు. నేను నోరు తెరిచేలోపే ఆ వచనం అన్నయ్య చదివేశాడు. పదమూడు కూడా తనే చదివాడు. పద్నాలుగు దగ్గర నా కోసం ఆగాడు.